బొగత దారిని కంప్యూటర్‌ నుంచి జీపీఎస్‌లోకి ఎక్కించడం

హన్మకొండ నుంచి ములుగు, పస్రా, మేడారం, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా బొగత జలపాతానికి కంప్యూటర్‌లో దారి గీశాక జీపీఎక్స్ ఫైల్‌గా (జీపీఎస్ డివైస్‌లు చదివే దారి ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేయండి. ట్రాక్‌గానా, రూట్‌గానా? తికమకంతా ఇక్కడే. ‘ట్రాక్’ అంటే గీసిన గీత గీసినట్టే ఉంటుంది. ‘రూట్’లో పాయింట్లే ముఖ్యం, వాటి మధ్య దారిని డివైస్ తన మ్యాప్‌తో మళ్లీ లెక్కేస్తుంది. మేడారంలో పాయింట్ పెట్టకపోతే పస్రా నుంచి నేరుగా తాడ్వాయికే పొమ్మంటుంది. ఆ పాయింట్‌ను బాగా జూమ్ చేసి రోడ్డు మీదే పెట్టండి. పక్క పొలంలో పడిందా, అక్కడికి చేరేదాకా వెనక్కి తిరగమని సతాయిస్తుంది. అడవి దారులకు ట్రాకే నయం.

ఇక యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి. డివైస్ చార్జ్ అవుతూ కంప్యూటర్‌లో కనబడకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి, కొన్నింటిలో డేటా తీగలుండవు. చేతిలో పట్టుకునే జీపీఎస్ గార్మిన్ ఈట్రెక్స్‌కైతే ఫైల్‌ను ‘గార్మిన్’ ఫోల్డర్‌లోని ‘జీపీఎక్స్’లో వేయాలి. అదే కంపెనీ సైకిల్ జీపీఎస్ ఎడ్జ్‌కైతే ‘న్యూఫైల్స్’లో. కేబుల్ తీశాక అందులోంచి ఫైల్ మాయమవుతుంది, కంగారొద్దు: అది డివైస్‌లోని ‘కోర్సుల్లోకి’, అంటే దారుల జాబితాలోకి చేరింది. ఎజెక్ట్ చేయకుండా మాత్రం తీగ పీకొద్దు, ఫైల్ పాడవ్వొచ్చు.

దారి ఇంకా మారుతోందా? డివైస్ సెట్టింగ్స్‌లో మట్టిరోడ్లు వద్దని టిక్ పెట్టి ఉందేమో చూడండి.