ఆన్‌లైన్‌లో సర్వసభ్య సమావేశం పెడుతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

ఏడాది లెక్కలు, కొత్త కమిటీ ఎన్నికలు, బైలా (సంఘం నియమావళి) సవరణలు... జనరల్ బాడీ మీటింగుల సీజన్ వచ్చేసింది. సరిగ్గా ఇప్పుడే నాకు తెలిసిన ఒక సంఘం ఆన్‌లైన్‌లో జరిపిన ఎన్నిక గొడవై కోర్టు దాకా వెళ్లింది. ఓడిన ప్యానెల్ అడిగింది ఒక్కటే: "ఆ రోజు ఓటేసిన సభ్యుల జాబితా చూపించండి." కమిటీ నీళ్లు నమిలింది. వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఒక స్క్రీన్‌షాట్. అందులో సగం బాక్సుల కింద ‘ఐఫోన్’, ‘గెలాక్సీ’, ‘నాన్న ట్యాబ్’ అని పేర్లు, మిగతా సగం కెమెరా ఆపేసిన నల్ల బాక్సులు.

మైక్ మ్యూట్‌లో పెట్టుకోండి, నెట్ చెక్ చేసుకోండి లాంటివి ఇక్కడ రాయను, అవి ఎవరికైనా తెలుసు. నేను చూసినంతలో సంఘాల కొంప ముంచేది ఒకటే తప్పు: లాగిన్ అయినవాళ్లందరినీ సభ్యులుగా లెక్కేయడం. లాగిన్ వేరు, సభ్యుడు వేరు. ఒకే బాక్స్ వెనక ఇద్దరు సభ్యులు ఉండొచ్చు, ఒకే సభ్యుడు ఫోన్‌లో ఒకసారి లాప్‌టాప్‌లో ఒకసారి రెండు బాక్సులై కనిపించొచ్చు, సభ్యత్వం ఎప్పుడో పోయినాయన పాత లింకు పట్టుకుని వచ్చి కూర్చోనూవచ్చు.

అసలు పెట్టుకోవచ్చా?

బైలాస్ తీసి చదవండి. "అందరూ జూమ్‌లోనే పెడుతున్నారు కదండీ" అంటే కుదరదు, మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టర్ అయిందన్నదే లెక్క. ఇండియాలో సెక్షన్ 8 కంపెనీలకు, అంటే లాభాపేక్ష లేకుండా కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయినవాటికి, 2020 ఏప్రిల్ నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖ సర్క్యులర్లు దారి చూపించాయి. అవి కంపెనీలకే. సొసైటీగా రిజిస్టర్ అయినవాళ్లు ఆ సర్క్యులర్ జేబులో పెట్టుకుని తిరగడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు, వాళ్లకు వర్తించేది వాళ్ల రాష్ట్ర సొసైటీల చట్టం, వాళ్ల బైలాస్. అమెరికాలో కూడా రాష్ట్రాన్ని బట్టే. డెలావేర్ చట్టం మూడు షరతులు పెడుతుంది: హాజరై ఓటేసేవాళ్లు నిజంగా సభ్యులేనని తేల్చుకునే ఏర్పాటు ఉండాలి, జరుగుతున్నది అప్పటికప్పుడే వింటూనో చదువుతూనో పాల్గొని ఓటేసే అవకాశం సభ్యులకు ఉండాలి, వేసిన ఓటుకు రికార్డు ఉండాలి. టెక్సస్ కూడా ఓటేసేవాళ్ల గుర్తింపు, ఓటు రికార్డు తప్పనిసరి అంటుంది. చూశారా, అన్నీ తిరిగి తిరిగి ఆ బాక్స్ వెనక ఎవరున్నారన్న దగ్గరికే వస్తున్నాయి.

బైలాలో ఆన్‌లైన్ మాటే లేకపోతే, ముందు అందరూ ఒకచోట కూర్చుని ఆ సవరణ చేసుకోండి. ఆన్‌లైన్‌లోనే కలిసి ఆన్‌లైన్‌కు అనుమతి ఇచ్చుకుంటే రేపు ఆ తీర్మానాన్నే పట్టుకుంటారు.

నోటీసు

గడువు తేలిగ్గా తీసుకోకండి. సెక్షన్ 8 కంపెనీకి 14 పూర్తి రోజులు, అంటే నోటీసు అందిన రోజూ మీటింగ్ రోజూ లెక్కలోకి రావు. మిగతావాళ్లకు బైలాలో ఎంతుంటే అంత. ఎలా చేరాలి, ఎలా ఓటేయాలి, ఆ టైముకి ఇరుక్కుపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ నోటీసులోనే ఉండాలి. బైలా ఒప్పుకోకపోతే వాట్సాప్ గ్రూపులో పడేసింది నోటీసు కాదు. ఇంకో మాట, మీటింగ్ లింకు గ్రూపులో అస్సలు పెట్టకండి. రిజిస్ట్రేషన్ ఆన్ చేసి ఎవరి లింకు వాళ్లకు వెళ్లేలా చూడండి.

కోరం

కోరం అంటే సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య. తెర మీద ‘పార్టిసిపెంట్స్ 64’ అని కనిపించగానే అధ్యక్షులవారు "కోరం ఉంది, మొదలుపెడదాం" అనేస్తారు. ఆ 64లో ఆడిటర్ ఉంటాడు, లింకు చూసుకునే కుర్రాడు ఉంటాడు, కార్యదర్శిగారివి రెండు డివైజులు ఉంటాయి. ఆ అంకె డివైజులది, సభ్యులది కాదు.

చేయాల్సింది ఇది. సభ్యుల రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక మనిషి అదే పని మీద కూర్చోవాలి. వచ్చినవాళ్లను వెయిటింగ్ రూమ్‌లోనే ఆపి, ఒక్కొక్కరినీ రిజిస్టర్‌తో సరిచూసుకుని లోపలికి పంపి, సభ్యత్వ నంబరూ పేరూ పడేలా వాళ్ల పేరు మార్చాలి. తమ పేరు తాము మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లో ఆపేయాలి. ఆలస్యమవుతుంది, జనం విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. లెక్కలు చదవడం అయిపోగానే సగంమంది జారుకుంటారు కాబట్టి ప్రతి ఓటింగ్‌కు ముందు మళ్లీ లెక్కపెట్టండి.

ఓటు

చాట్‌లో ‘ఎస్’ అని కొట్టించడం ఓటింగ్ కాదు. జూమ్ పోల్ పెట్టినా ఒక డివైజుకు ఒక్క ఓటే పడుతుంది, ఒకే ట్యాబ్ ముందు కూర్చున్న దంపతులిద్దరూ సభ్యులైతే ఒకరి ఓటు గాల్లో కలిసినట్టే. మామూలు ఫోన్ కాల్‌తో చేరినవాళ్లకు పోల్ కనిపించనే కనిపించదు, వాళ్లను పేరు పేరునా పిలిచి నోటితో ఓటు చెప్పించి రాసుకోవాలి. రహస్య ఓటింగ్ అయితే పేర్లు దాచే పోల్ సరిపోదు. ఎవరు ఓటేశారో తెలియాలి, ఎవరికి వేశారో తెలియకూడదు. దానికి ప్రతి సభ్యుడికీ ఒక్కసారే పనిచేసే లింకు పంపే ఓటింగ్ సర్వీసు తీసుకోండి.

ఇక వరసగా చెప్పేస్తాను.

జూమ్ ఫ్రీ అకౌంట్‌తో పెట్టొద్దు. 40 నిమిషాలకు మీటింగ్ తెగిపోతుంది, తెగేది కచ్చితంగా ఓటింగ్ మధ్యలోనే.

పోటీలో ఉన్నవాళ్ల చేతిలో హోస్ట్ కంట్రోల్ ఉండకూడదు. మ్యూట్ బటన్ అభ్యర్థి దగ్గరుంటే ఫలితం ఎవరు నమ్ముతారు?

అందర్నీ మ్యూట్ చేసి ఏకపాత్రాభినయం చేయకండి. సభ్యుడికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదంటే అదొక్కటి చాలు కేసుకి. జూమ్‌లో మామూలు ఫోన్ కాల్‌తో చేరినవాళ్లు స్టార్ నొక్కి 9 నొక్కితే చెయ్యెత్తినట్టు, స్టార్ నొక్కి 6 నొక్కితే మ్యూట్ తీసినట్టు. మొదట్లోనే ఒకసారి చెప్పండి.

ప్రాక్సీలు (సభ్యుడి బదులు వచ్చి ఓటేసేవాళ్లు) చెల్లుతాయో లేదో ముందే తేల్చుకోండి. ఆ 2020 సర్క్యులర్ల ప్రకారం పెట్టే వీడియో సమావేశాల్లో ప్రాక్సీ లేదు.

హోస్ట్ నెట్ పోతే ఎవరు అందుకుంటారు, ఎంతసేపు ఆగుతారు, ఎప్పుడు వాయిదా అంటారు? రాసిపెట్టుకోండి.

రికార్డింగ్ చేస్తున్నామని ముందే చెప్పండి.

హాజరు రిపోర్టు, పోల్ రిపోర్టు అదే రాత్రి దించుకుని ఇద్దరి దగ్గర ఉంచండి. నెట్ పోయి మళ్లీ చేరినాయన రిపోర్టులో రెండుసార్లు కనిపిస్తాడు, అది సరిచేసే పనీ ఆ రాత్రే.

మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో జరిగింది రాసిపెట్టే రికార్డులో, "అందరూ ఆమోదించారు" అని రాయకండి. ఎంతమంది సభ్యులున్నారు, అనుకూలం ఎన్ని, వ్యతిరేకం ఎన్ని, తటస్థం ఎన్ని, అంకెల్లో.

పేరు తేలని బాక్స్‌ను లోపల ఉంచకండి, అధ్యక్షులవారి బావమరిది అయినా సరే. లాగిన్ సభ్యుడు కాదు.

"సార్, మా ఆవిడది కూడా నేనే నొక్కేస్తాను" అని ఒకాయన తప్పకుండా అంటాడు. ఆవిణ్ణే లైన్లోకి రమ్మనండి. రాకపోతే ఆ ఓటు లేనట్టే.