కిరణజన్య సంయోగక్రియకు ముందు ఒక ప్రశ్న

ఉద్దానం బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లూ, బోర్డు మీద సమీకరణం రాసే ముందు పిల్లలకు బయట ఉన్న జీడిచెట్టు చూపించి అడగండి: "ఇంత మాను బరువు ఎక్కడి నుంచి వచ్చింది?" జవాబు నోట్సులో రాయించండి. తప్పొప్పులు అప్పుడే చెప్పొద్దు. చాలామంది "మట్టిలోంచి" అనే రాస్తారు.

అప్పుడు 17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం చెప్పండి. తొట్టిలో 200 పౌండ్ల మట్టి వేసి, విల్లో మొక్క నాటి 5 ఏళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 164 పౌండ్లు పెరిగింది, మట్టి తగ్గింది 2 ఔన్సులే! ఆయనైతే అదంతా నీళ్ల బరువే అనుకున్నాడు; ఆ బరువులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాటా కూడా ఉందని తర్వాతి వాళ్లు తేల్చారు. ఇది తప్పక చెప్పండి.

పిల్లలకు ముందే ఏం తెలుసో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టమని విద్యా మనస్తత్వవేత్త ఆసుబెల్ 1968లోనే చెప్పాడు. పాఠమయ్యాక పాత జవాబు కొట్టేయనివ్వకుండా, పక్కనే కొత్తది రాయించండి.