ముసురు పట్టకముందే పాత అంబాసిడర్ బ్రీదర్ పైపులు చూసుకోండి

మృగశిర కార్తె దగ్గరపడుతుంటే పాత కారు ఉన్నవాళ్ళం టైర్లు, వైపర్లు, బ్యాటరీ అన్నీ చూసుకుంటాం గానీ బానెట్ కింద బ్రీదర్ పైపుల (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టాల) జోలికి మాత్రం పోము. ఈసారి వానలు ముదిరేలోగా ఒక్క ఆదివారం దీనికి కేటాయించండి. నేను చెప్పేది అంబాసిడర్, పద్మినీ లాంటి పాత పెట్రోల్ బండ్ల గురించి. డీజిల్ లెక్క వేరు, కింద చెప్పే పీసీవీ వాల్వు దానికి పెట్టకండి. దాని గుండా ఇన్‌లెట్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, ఇంజిన్ ఆయిల్ ఎక్కువగా వెళ్తే డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే మండించుకుని రెచ్చిపోతుంది, ఆపడం చాలా కష్టం.

పిస్టన్ రింగులు కొత్తవైనా సరే, పైన మండిన గ్యాసు కొంత వాటి పక్కనుంచి కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. షెడ్డుల్లో బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. అందులో మండని పెట్రోలు ఉంటుంది, ఆమ్లాలు ఉంటాయి, అన్నిటికన్నా ముఖ్యంగా నీటి ఆవిరి ఉంటుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. చాలావరకు సైలెన్సర్ గుండా పోయినా, చాంబర్‌లోకి దిగిన ఆ కాస్తకీ బయటికి దారి లేకపోతే చల్లబడి నీరై ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల పక్కన వెన్నలాగా పసుపు తెలుపు జిగురు కనిపిస్తుంది చూడండి, అదే ఇది.

అయితే ఆ జిగురు చూడగానే కంగారు పడకండి, తేలిగ్గానూ తీసుకోకండి. మూత కింద మాత్రమే ఉండి డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే అది చెమ్మ. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిపిన టీలా ఉండి, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే అనుమానించాల్సింది హెడ్ గాస్కెట్‌ని (ఇంజిన్ హెడ్‌కీ కింది దిమ్మకీ మధ్య ఉండే పొర). డిప్‌స్టిక్‌కి పెట్రోలు వాసన గట్టిగా వస్తే అసలు స్టార్ట్ చెయ్యకండి, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు చాంబర్‌లోకి కారుతూ ఉండొచ్చు, ఆ ఆవిరికి నిప్పు తగిలితే చాంబర్ పేలిపోతుంది.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌కి పాత పద్ధతిలో దారులు రెండు. పైన టాపెట్ కవర్ (ఇంజిన్ మీది మూత) నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఒక పైపు, ఇంజిన్ పక్క కవర్ నుంచి రోడ్డు వైపు వేలాడే ఇంకో పైపు. బండి వేగంగా పోతుంటే కింద కొట్టే గాలి ఆ రెండో పైపులోంచి ఆవిరిని లాగేస్తుంది. హైవే మీద ఇది బాగానే పనిచేస్తుంది. మనం తిరిగేది కాలవ గట్ల మీద గుంతలు చూసుకుంటూ ముప్పైలో, లేదా సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) కోసం ఇంజిన్ ఆపకుండా నిలబెట్టి. అప్పుడు లాగే గాలి ఉండదు, పైగా వానాకాలం గాలిలోనే తడి.

మూడేళ్ళ కిందట మా బండికి టాపెట్ కవర్ పైపులోంచి పొగ వస్తోందని ఒక షెడ్డులో చూపిస్తే, పైపు పీకేసి రబ్బరు బిరడా కొట్టి పంపించారు. పొగ కనపడలేదు కాబట్టి బాగైందనే అనుకున్నాను. శ్రావణమాసంలో, ఇంటిల్లిపాదీ బండిలో ఉండగా, రావులపాలెం దగ్గర గోదావరి వంతెన మీద ఇంజిన్ మోత పెరుగుతోంది గానీ బండి లాగట్లేదు. గేర్‌బాక్స్ దించి చూస్తే క్లచ్ ప్లేటు నిండా ఆయిల్. ఈ ఇంజిన్‌కి క్రాంక్ వెనక రబ్బరు సీలు ఉండదు, బయటికి వచ్చే ఆయిల్‌ని తిరిగి లోపలికి తోసే మరలాంటి గాడులు మాత్రమే ఉంటాయి. లోపల ఒత్తిడి పెరిగిందంటే అవి ఆయిల్‌ని ఆపలేవు. పైన బిరడా ఉండనే ఉంది, కింది పైపులో చూస్తే మట్టిగూడు కట్టే కందిరీగ గూడు పెట్టేసింది. అందుకే బతిమాలి చెబుతున్నాను, పొగ వస్తోందని ఏ పైపూ మూయొద్దు. పొగ ఎక్కువైతే కంప్రెషన్ చెక్ చేయించండి, రింగులు అరిగిపోయిన ఇంజిన్‌ని ఏ పైపూ ఏ వాల్వూ బాగు చెయ్యలేదు.

పనికి దిగేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ వైరు తీసెయ్యాలి, చుట్టుపక్కల బీడీ సిగరెట్టు వద్దు. రెండు పైపులూ ఊడదీసి కిరోసిన్‌తో కడిగి, ఊది చూడండి. ఆయిల్ మూతలో, పక్క కవర్ డబ్బాలో ఉండే తీగ జాలీని కూడా కిరోసిన్‌లో నానబెట్టి కడిగి పూర్తిగా ఆరనివ్వండి. జాలీ పోయిందని కొబ్బరి పీచు కుక్కడం మన వైపు చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి, పీచు ముక్కలు ఆయిల్‌లో పడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి. రైస్ మిల్లుల దగ్గర ఉండేవాళ్ళు ఎయిర్ క్లీనర్ ఇంకా తరచుగా చూసుకోవాలి, ఊక దుమ్ము తొందరగా మూసేస్తుంది.

ఇక పీసీవీ వాల్వు. నెమ్మదిగా తిరిగే బండికి ఇది నిజంగా మేలు చేస్తుంది. రోడ్డు గాలి మీద ఆధారపడకుండా ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోని (కార్బురేటర్ నుంచి సిలిండర్లకి పోయే గొట్టాల్లోని) వాక్యూమే ఆవిరిని లాగి మళ్ళీ మండిస్తుంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, వాక్యూమ్ ఎక్కువ, అప్పుడు వాల్వు దారి సన్నం చేస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే దారి పెద్దదవుతుంది, కార్బురేటర్ వెనక్కి కొడితే మూసుకుని మంట చాంబర్‌లోకి పోకుండా ఆపుతుంది. వాల్వు లేకుండా ఉత్త పైపు మానిఫోల్డ్‌కి కలిపితే ఈ రక్షణ ఏదీ ఉండదు. మీ ఇంజిన్ సీసీకి దగ్గరగా ఉన్న బండి వాల్వు తీసుకోండి, బాణం గుర్తు మానిఫోల్డ్ వైపు ఉండాలి. కలిపే చోటు కార్బురేటర్ కిందనే, మధ్యలో ఉండాలి. ఒక పక్క గొట్టానికి కలిపితే ఆ పక్క సిలిండర్లకి మాత్రమే గాలి ఎక్కువై ఇంజిన్ వాల్వులు కాలతాయి. బ్రేక్ బూస్టర్ పైపులో మాత్రం ఎప్పుడూ కలపకండి. పాత రోడ్డు పైపు తీసేసి అక్కడినుంచే వాల్వుకి పైపు వెయ్యాలి, పైన టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి పోయేది అలాగే ఉంచాలి. అది ఇప్పుడు వడకట్టిన మంచి గాలి లోపలికి వచ్చే దారి. వచ్చే దారి లేకుండా లాగే దారి ఒక్కటే పెడితే సీళ్ళ పక్కనుంచి దుమ్ము లోపలికి లాక్కుంటుంది.

పైపు విషయంలో పీనాసితనం వద్దు. రొయ్యల చెరువుల దగ్గర వాడే ట్యూబు, నీళ్ళ పైపు చౌకగా దొరుకుతాయి గానీ వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతాయి. ఆయిల్‌కి, పెట్రోలుకి తట్టుకునే రబ్బరు పైపు కొని, మధ్యలో ఎక్కడా ఉయ్యాలలా కిందికి వేలాడకుండా వెయ్యండి, వేలాడిన చోట నీళ్ళు నిలిచి దారి మూసుకుపోతుంది. మధ్యలో ఆయిల్ పట్టే డబ్బా పెట్టుకుంటే మంచిదే, సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా, నిటారుగా. వానల్లో వారానికోసారి దాన్ని ఒంపాలి.

అన్నీ బిగించాక బండిని షెడ్డు బయటికి తెచ్చి స్టార్ట్ చెయ్యండి. వాన పడుతోందని షట్టర్ దించి లోపల నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. భుజం మీద తువ్వాలు తీసెయ్యండి, ఫ్యాను లాక్కుంటుంది. ఇంజిన్ వేడెక్కాక స్లో, మిక్చర్ మళ్ళీ సరిచెయ్యాలి, ఎందుకంటే వాల్వు కొంత అదనపు గాలి తెస్తుంది. తర్వాత స్లోలో ఆయిల్ మూత తీసి ఆ కంత మీద పలచటి కాగితం పెట్టండి. కాగితం మెల్లగా లోపలికి అతుక్కుంటే సరిగ్గా ఉంది. ఎగిరిపోతే వాల్వు మూసుకుపోయిందో, రింగులు పోయాయో. గట్టిగా గుంజేస్తే గాలి వచ్చే దారి మూసుకుంది.

ఇంకొకటి, ఎండాకాలం వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆపేది) పీకేసిన బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వానల్లో అలాంటి ఇంజిన్ సరిగా వేడెక్కదు, బ్రీదర్ ఎంత బాగున్నా ఆవిరి బయటికి పోదు. థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. రోజూ ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు కూడా మానండి, వారానికి ఒకసారైనా అరగంట దూరం నడిపితేనే ఆయిల్‌లో నీరు ఎగిరిపోతుంది.

వరద మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, లంకలకి దగ్గరలో ఉంటే 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగకుండా బండిని ఎత్తు మీదికి చేర్చండి. నీళ్ళు పారే కాజ్‌వే మీద దింపొద్దు. అక్కడ ఇంజిన్ ఆగిపోతే, నీళ్ళలో మునిగిన రోడ్డు పైపు గుండా నీళ్ళు లోపలికి చేరొచ్చు. బండి ఒకసారి మునిగిందంటే తాళం తిప్పకండి, తోసి కూడా స్టార్ట్ చెయ్యకండి. ముందు చాంబర్ అడుగున ఆయిల్ దించే బోల్టు కొద్దిగా వదులు చేసి చూడండి, ఆయిల్ కన్నా నీళ్ళు బరువు కాబట్టి అడుగున ఉన్న నీళ్ళే ముందు వస్తాయి. వస్తే మొత్తం ఒంపేసి, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు తీసి, బ్రీదర్ పైపులు విప్పి కడిగాకే కొత్త ఆయిల్ పొయ్యండి. ఆ ఆయిల్‌ని కూడా ఒకసారి వేడెక్కేదాకా నడిపి పారబోసి, మళ్ళీ కొత్తది పొయ్యాలి.