గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు కాగిపోతోందా? ముందు వేడి ఎలా ఎక్కుతోందో చూడండి

"ల్యాప్‌టాప్ బాగా వేడెక్కుతోంది, ఏ కూలింగ్ ప్యాడ్ కొనమంటారు?" అని అడిగిన ప్రతివాళ్లనీ నేను తిరిగి అడిగేది ఒక్కటే. గేమ్ పెట్టాక కార్డు 87 డిగ్రీలకి చేరడానికి ఎంతసేపు పట్టింది? దీనికి జవాబు చెప్పినవాళ్లు చాలా తక్కువ. టెంపరేచర్ ఎంతుందో అందరూ చూస్తారు, అది ఎలా ఎక్కిందో, గేమ్ ఆపాక ఎలా దిగిందో మాత్రం చూడరు. ఆ ఒక్కటీ చూడకుండానే ప్యాడ్ కొంటారు, విండోస్ మళ్లీ వేయిస్తారు, షాపుకి తీసుకెళ్లి చిప్ మీద వేడిని దాటించే పేస్ట్ మార్పిస్తారు.

87 అని ఎందుకంటున్నానంటే, ఎన్విడియా ల్యాప్‌టాప్ కార్డుల్లో చాలావాటికి పరిమితి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడికి రాగానే కార్డు తన క్లాక్ (పనిచేసే వేగం), లాగే వాట్లు తగ్గించేసుకుంటుంది, గేమ్ ఒక్కసారిగా తడబడుతుంది. 75-80 మధ్య నిలకడగా ఉంటే దాన్ని వదిలేయండి, అది సమస్య కాదు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో ఆడుతూ డిసెంబరు నాటి అంకెలు కావాలంటే మాత్రం కష్టం. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు అన్నే పెరుగుతుంది.

పరీక్ష ఇలా చేయండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (HWiNFO) అనే ప్రోగ్రామ్ తెరిచి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) టెంపరేచర్, హాట్ స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు), జీపీయూ పవర్ మూడూ కనబడేలా పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌ని పది నిమిషాలు ఊరికే వదిలేయండి. తర్వాత ఫ్యాన్లు ఫుల్ స్పీడులో పెట్టి, బాగా బరువైన గేమ్‌ని విండో మోడ్‌లో నడిపి, అంకెల్ని చూడండి. మధ్యలో వెనక వెంట్ (గాలి బయటికొచ్చే సందు) దగ్గర చెయ్యి పెట్టి గాలి ఎంత వేడిగా వస్తోందో కూడా చూడండి. చాలామంది ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పనే.

లక్షణం 1: పది, పదిహేను నిమిషాలు మెల్లగా ఎక్కుతుంది, బయటికొచ్చే గాలి చెయ్యి పెట్టలేనంత వేడి, గేమ్ ఆపినా తొందరగా దిగదు.

అంటే చిప్‌లోని వేడి హీట్‌సింక్ (చిప్ మీది పలక, హీట్ పైపులు, ఫ్యాన్ ముందుండే రెక్కలు కలిసిన లోహపు భాగం) దాకా బాగానే వస్తోంది, అక్కణ్ణించి బయటికి పోవట్లేదు. ఇది గాలి సమస్య. పరుపు మీదో దుప్పటి మీదో పెట్టుకుని ఆడుతుంటే ముందు అది మానండి, వెనక రెండు అంగుళాలు ఎత్తు పెట్టండి. అయినా తగ్గకపోతే దుమ్ము. బయట నుంచి బ్లోయర్ కొట్టి "క్లీన్ చేశానండీ" అంటారు, కానీ అసలు దుమ్ము వెంట్‌లో ఉండదు, ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్యలో ఉంటుంది. బయటి నుంచి ఊదితే అది వెనక్కి జరిగి ఫ్యాన్ తిరగగానే మళ్లీ అక్కడికే వచ్చి అతుక్కుంటుంది. కింది మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ పై రేకు విప్పితే రెక్కల వెడల్పంతా బూడిదరంగు పొర కనిపిస్తుంది. పట్టకారుతో ఒక చివర పట్టుకుని లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది. రోజూ అగరుబత్తి వెలిగించే గదిలో ఉన్నదైతే కాస్త జిడ్డుగా కూడా ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి. పనిలో పనిగా రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో చూడండి. ఒకటి ఆగిపోయినా రెండోదాని చప్పుడులో తెలియదు. రెండు వెంట్ల దగ్గరా టిష్యూ ముక్క పట్టుకుంటే తేలిపోతుంది.

లక్షణం 2: గేమ్ లోడవగానే కొన్ని సెకన్లలో 50 నుంచి 80 దాటుతుంది, ఆపగానే అంతే వేగంగా దిగిపోతుంది, ఫ్యాన్లు గోల పెడుతున్నా గాలి మాత్రం గోరువెచ్చగా వస్తుంది.

మనుషుల్ని బోల్తా కొట్టించేది ఇదే. "గాలి చల్లగానే వస్తోంది కదండీ, కూలింగ్ బ్రహ్మాండంగా ఉంది, సెన్సారే తప్పు చూపిస్తోందేమో" అంటారు. కార్డు 87 చూపిస్తూ గాలి గోరువెచ్చగా వస్తోందంటే, వేడి చిప్ దగ్గరే ఇరుక్కుపోయిందని అర్థం. రెక్కల దాకా రాని వేడిని ఏ ఫ్యాన్ బయటికి తోస్తుంది? ఇలాంటి మెషీన్ కింద ఎంత పెద్ద కూలింగ్ ప్యాడ్ పెట్టినా ఒరిగేదేం లేదు. పవర్ చూడండి, 115 వాట్లు లాగాల్సిన కార్డు 60-70 దగ్గర ఆగిపోయి ఉంటుంది. హాట్ స్పాట్‌కీ మామూలు టెంపరేచర్‌కీ తేడా 10-15 ఉంటే సరే. 25 దాటిందంటే హీట్‌సింక్ చిప్ మీద సమంగా కూర్చోలేదు. వంగిపోయిన పెనం మీద దోసె ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉన్నట్టే. ఎన్విడియా 50 సిరీస్ కార్డుల్లో హాట్ స్పాట్ రీడింగ్ రాదు, వాటికి వేగమూ గాలీ చూసే చెప్పాలి.

కొన్న ఏడాది, రెండేళ్లకి మెల్లగా ఇలా మొదలైతే పేస్ట్ పక్కలకి జారిపోయిందనుకోవచ్చు. కానీ సర్వీస్ చేయించిన రోజు నుంచే మొదలైతే? "కొత్త పేస్ట్ వేయించాను, కాబట్టి పేస్ట్ కాదు" అని ఆ వైపు చూడటమే మానేస్తారు. అక్కడే నేను చాలాసార్లు దెబ్బతిన్నాను. పేస్ట్ కొత్తదే, బాగానే వేశారు కూడా, తప్పు పక్కనున్న థర్మల్ ప్యాడ్లలో (వేడిని దాటించే మెత్తటి పట్టీల్లో) ఉంటుంది.

ఒకే లోహపు పలక గ్రాఫిక్స్ చిప్ మీదా, చుట్టూ ఉన్న మెమరీ చిప్‌ల మీదా కలిపి కూర్చుంటుంది. చిప్‌కి పేస్ట్, మెమరీకి ప్యాడ్లు. పాత ప్యాడ్ చిరిగిందని షాపులో చేతికందింది వేసేస్తారు. 1 మిల్లీమీటరు ఉండాల్సిన చోట 1.5 పడితే పలక ప్యాడ్ల మీద నిలబడిపోతుంది, చిప్‌కి అంటీ అంటనట్టు ఉంటుంది. ఆ సందుని పేస్ట్ నింపేస్తుంది కాబట్టి ఐడిల్‌లో (ల్యాప్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు) ఏ తేడా కనిపించదు, బ్రౌజర్, సినిమాలు అన్నీ మామూలుగా నడుస్తాయి. షాపువాళ్లు చూపించేది ఆ ఐడిల్ అంకెలే. అలా వచ్చిన ఒక ఎన్విడియా 3060 కార్డున్న ల్యాప్‌టాప్ విప్పితే చిప్ మీద ఒక మూల పేస్ట్ లోపలి సిలికాన్ కనబడేంత పల్చగా ఉంది, ఎదురు మూల ముద్దగా, వేసినప్పటి గీత కూడా చెరగకుండా ఉంది. ఆ ముద్ద ఉన్న వైపు మెమరీ ప్యాడ్లు సరిగ్గా నొక్కుకోకుండా పలకని ఎత్తిపట్టాయి, వాటి మీద మెమరీ చిప్ అచ్చు పైపైనే పడింది.

విప్పగానే తుడిచేయకండి, ముందు ఫోటో తీసుకోండి. పేస్ట్ అంతటా పల్చగా ఒకేలా ఉండాలి, ప్రతి ప్యాడ్ మీదా చిప్ అచ్చు స్పష్టంగా పడాలి. పేస్ట్ మందంగా ఉంటే ప్యాడ్లు లావు, ఏదైనా ప్యాడ్ మీద అచ్చే లేకపోతే అది పల్చన. పాత ప్యాడ్ కొలిచి అదే సైజు కొనడం కూడా పప్పులో కాలేయడమే, ఎందుకంటే అది నొక్కుకుపోయి ఉంటుంది, కొలిస్తే అసలు కన్నా తక్కువ వస్తుంది. మీ మోడల్‌కి ఏ చోట ఎంత మందమో ముందే వెతికి పెట్టుకోండి, అన్ని చోట్లా ఒకటే ఉండదు. వేడిని ఎంత బాగా దాటిస్తాయో చెప్పే వాట్ల రేటింగ్ (W/mK) ఎక్కువని గట్టి ప్యాడ్లు కొనొద్దు, అవి నొక్కుకోవు. మందం తేలకపోతే ప్యాడ్ల బదులు థర్మల్ పుటీ (వేడిని దాటించే మెత్తటి ముద్ద) వాడండి, సందు ఎంతుంటే అంతకి సర్దుకుంటుంది. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో) అడిగి చూడండి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

చిప్ మీదకి నేనైతే మామూలు పేస్ట్ బదులు పీటీఎం 7950 షీటే (వేడికి మెత్తబడి చిప్‌కి అతుక్కునే పల్చటి షీటు) వేస్తాను, పేస్ట్‌లా పక్కలకి జారిపోదు. వేసే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెడితే పై పొర చిరగకుండా ఊడుతుంది. స్క్రూలు మాత్రం హీట్‌సింక్ మీద రాసున్న అంకెల వరసలోనే, ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదానికి వెళితే పలక వాలిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. వారంటీ ఉంటే మీరు విప్పకండి, పైన చెప్పిన పరీక్ష వీడియో తీసి సర్వీస్ సెంటర్లో చూపించండి.

రెండు లక్షణాల్లో దేనికీ సరిపడకుండా, గేమ్‌లో సీపీయూ (ప్రాసెసర్) 95 దాటినప్పుడే జీపీయూ కూడా ఎక్కుతుంటే, రెండింటికీ ఒకే హీట్ పైపులు ఉన్నాయన్నమాట. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతం చేస్తే చాలా మెషీన్లలో టర్బో (ప్రాసెసర్ మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడవడం) ఆగుతుంది, ఇక జీపీయూ కూడా దిగుతుంది. ఫ్రేములకి పరిమితి పెట్టడం, ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌తో కార్డు ఓల్టేజ్ తగ్గించడం మంచివే, కానీ అవి బాగున్న మెషీన్‌ని ఇంకా చల్లగా ఉంచడానికి, వంకరగా కూర్చున్న హీట్‌సింక్‌ని సరిచేయడానికి కాదు.

మిగతావి అరుదు. హీట్ పైపు లోపల ఎండిపోవడం ఉంది, పేస్టూ ప్యాడ్లూ సరిగ్గా ఉన్నాయని తేలాక కూడా గాలి గోరువెచ్చగానే వస్తుంటే అప్పుడు హీట్‌సింక్ మొత్తం మార్పించండి. ఏమీ నడపకుండానే జీపీయూ వాడకం 90 శాతం చూపిస్తే ఎవరో మైనింగ్ ప్రోగ్రామ్ (మీ కార్డుతో క్రిప్టో నాణేలు సంపాదించేది) దూర్చి ఉండొచ్చు, టాస్క్ మేనేజర్ చూడండి. సెన్సార్ పాడవడం నేను చూడనేలేదు.