హైస్కూల్ బీరువాలో ఉన్నవి పిల్లల చేతికి రావాలంటే

కొత్తగా గవర్నమెంట్ హైస్కూల్లో చేరిన టీచర్లకి, స్కూల్ కమిటీలో ఉన్న తల్లిదండ్రులకి ఇది. మన బడుల్లో సామాను లేదనే మాట సగమే నిజమండి, చాలాచోట్ల ఉంది కానీ బీరువాలో ఉంది, తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది, వాళ్ళు సెలవు పెడితే ఆ రోజు ల్యాబ్ లేనట్టే.

ముందు హెచ్ఎం గారిని అడిగి స్టాక్ రిజిస్టర్ తీసుకోండి. ఒక మధ్యాహ్నం కూర్చుని రిజిస్టర్‌లో రాసిందీ బీరువాలో ఉన్నదీ చూసుకుంటూ టిక్కులు పెట్టండి. నేను అలా చూస్తే కవర్ కూడా విప్పని కుంభాకార కటకాలు (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే లెన్సులు) 12 దొరికాయి, అప్పటిదాకా పదో తరగతికి కటకాల పాఠం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేశాను, ఆ బ్యాచ్ పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తాళం ఎందుకు తియ్యరంటే పగిలితే మన జీతంలో కోస్తారేమో అని భయం. గాజు సామాను వాడితే పగులుతుంది కదా, పగిలిన రోజే తేదీ వేసి రాసి హెచ్ఎం గారి సంతకం పెట్టించుకోండి, రెండో తాళంచెవి స్టాఫ్‌రూమ్‌లో పెట్టించండి.

ఆ కటకాలతో ఏం చేశామో చెప్తా. లైట్లు ఆపి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర కటకం పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ జరపమన్నాను, బయట ఎండలో ఉన్న వేపచెట్టు గోడ మీద తలకిందులుగా, ఆకులు ఊగుతూ కనపడింది, ఒక్కసారిగా క్లాసంతా లేచి వచ్చేశారు. అప్పుడు గోడకీ కటకానికీ మధ్య స్కేలు పెట్టి కొలిపించండి, దాదాపుగా అదే నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చిన వెలుగు కటకం దాటాక ఒకచోట కలిసేదాకా ఉండే దూరం.

లైబ్రరీ పుస్తకాలైతే ఓ 40 తీసి క్లాసులోనే పెట్టండి, ఎవరు ఏది తీసుకున్నారో ఒక నోట్‌బుక్‌లో పిల్లలే రాస్తారు. ఒకటీ రెండూ పోతాయి, పోనివ్వండి, చెదలు తినేవాటికంటే అవి తక్కువే.

పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ని 2017లో వచ్చిన ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షతో స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి, స్కూల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ముందురోజు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకెళ్ళండి. తెలంగాణ వాళ్ళకి టీ-శాట్ విద్య అనే ప్రభుత్వ టీవీ ఛానెల్ పాఠాలు యూట్యూబ్‌లో కూడా ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి మారిన పిల్లలకి మాత్రం ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుపేజీలో తెలుగు ఉన్న పుస్తకమే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది, ముందు తెలుగు పేజీ చదివించండి.

డబ్బుల సంగతి తల్లిదండ్రులు అడగాలి. బడుల కోసం ఉన్న ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షలో, పిల్లల సంఖ్యని బట్టి స్కూలు ఖర్చులకి కాంపోజిట్ గ్రాంట్ వస్తుంది, ల్యాబ్‌లో అయిపోయే రసాయనాలకి కూడా అది వాడొచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, గ్రాంట్ ఎలా ఖర్చవుతుందో చూడటం కూడా కమిటీ పనే. మీటింగ్‌లో సంతకం పెట్టి వచ్చెయ్యకుండా, ఈ ఏడు ల్యాబ్‌కి ఏం కొన్నారో బిల్లులు చూపించమని అడిగి, కావలసినవి తీర్మానంలో పేర్లతో సహా రాయించండి.