ఏజెంటు లెక్క తప్పుతోందా? మోడల్ మార్చే ముందు మొదటి పేజీ తెరవండి

అనంతపురంలో నలుగురు పెట్టుబడిదారుల కోసం అంకుర సంస్థలను వడపోసే ఏఐ ఏజెంటును నేను చూసుకుంటాను. ‘బాగా నడుస్తున్న కంపెనీని ఇది పక్కన పెట్టేసింది’ అంటూ తరచూ ఫోను వస్తుంది. అప్పటికే ఏజెంటు వెనకున్న ఏఐ మోడల్ మార్చి ఉంటారు, దానికిచ్చే ఆదేశాన్ని, అంటే ప్రాంప్టును, మూడుసార్లు తిరగరాసి ఉంటారు. బ్యాలెన్స్ షీటు తెరిచి చూశారా అంటే జవాబుండదు.

అంకెలే రాకపోతే అది స్కాన్ చేసిన ఫైలు కావచ్చు. ఒక వాక్యం కాపీ చేసి చూడండి, కాకపోతే బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేయించండి. పాత ఏడాది అంకెలు వస్తుంటే, ఎఫ్‌వై25 అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకని ప్రాంప్టులో రాయండి.

నన్ను ముంచింది మాత్రం వేరే. వేరుశనగ నూనె తీసే ఒక కంపెనీ ఆదాయం 4,12,350 రూపాయలని ఏజెంటు రాసింది. ఇంత చిన్నదా అని నేనూ తోసేశాను. తర్వాత జీఎస్టీ రిటర్నులు చూస్తే వ్యాపారం 4 కోట్లు దాటింది! బ్యాలెన్స్ షీటు పైన కుడి మూలన, చీమతలంత అక్షరాల్లో ‘రూ. వందల్లో’ అని ఉంది, అంటే ప్రతి అంకెనూ వందతో గుణించాలి.

కంపెనీల చట్టం 3వ షెడ్యూలు ప్రకారం మొత్తం ఆదాయం 100 కోట్లలోపు ఉన్నవారు అంకెలను వందల్లో, వేలల్లో, లక్షల్లో లేదా మిలియన్లలో కుదించి చూపాలి. 2021 సవరణకు ముందు ఇది ఐచ్ఛికం, ఆ సవరణతో తప్పనిసరైంది. ఏజెంటు ఫైలును ముక్కలు చేసి చదువుతుంది. ఆదాయం వివరాలున్న నోట్సు ముక్కకు చేరేసరికి ఆ మూలన ఉన్న మాట వెంట రాదు. బస్తా ధర చెప్పి, బస్తాకు ఎన్ని కిలోలో చెప్పనట్టే.

ఇంకో తిరకాసు ఉంది. లాభశాతం, వృద్ధి, అప్పుల నిష్పత్తి అన్నీ సరిగ్గానే వస్తాయి, పైనా కిందా కొలత ఒకటే కాబట్టి. ఏజెంటును మళ్లీ సరిచూడమంటే ‘అంతా సరే’ అంటుంది. నేను నమ్మి మోసపోయింది అక్కడే.

అందుకే ప్రతి ఫైలుకూ ముందు కొలతను విడిగా రాయించండి. దొరక్కపోతే ఊహించకుండా ఆగి అడగమనండి. రూపాయల్లోకి మార్చే గుణకారం మోడల్‌కు వదలకుండా కోడ్‌తో చేయించండి. ఆపైన ఒక్క భాగహారం చాలు: కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చెల్లించిన మూలధనం పూర్తి రూపాయల్లో కనిపిస్తుంది. అక్కడ 10,00,000 ఉండి, షీటులో 10,000 ఉంటే కొలత వందలు. మార్చి 31 తర్వాత కొత్త వాటాలు ఇచ్చి ఉంటే ఈ లెక్క కుదరదు, అప్పుడు జీఎస్టీ రిటర్నులతో పోల్చండి.

పెట్టుబడి కోరుతూ కంపెనీ ఇచ్చే స్లైడ్ల ఫైలులో (పిచ్ డెక్) తెల్లటి అక్షరాలతో ఏజెంటుకు ఆదేశాలు దాచడం గురించి చాలామంది అడుగుతారు. జరగవచ్చు, కానీ నాకు ఇంతవరకూ ఎదురుకాలేదు. మూలన ఉన్న ఆ ‘వందల్లో’ మాత్రం ఈ నెలలోనే రెండుసార్లు తగిలింది.