బాక్స్ జాయింట్ జిగ్ ఎంచుకునే ముందు పిన్ను కదిపి చూడండి

పెట్టె మూలలో రెండు పలకల అంచులు వేళ్లలా ఒకదాంట్లో ఒకటి దిగే అతుకు బాక్స్ జాయింట్. ఆ వేళ్లను సమానంగా కోయడానికి పలకను పట్టి నడిపే అమరిక జిగ్. దాన్ని చూడగానే చాలామంది కళ్లు అల్యూమినియం మెరుపు మీదకో, ఎన్ని సైజులు కోస్తుందన్న లెక్క మీదకో పోతాయి. నేను మాత్రం ముందు పిన్ను (కోసిన గాడిని ఎక్కించి, తర్వాతి గాడికి చోటు చూపే కడ్డీ) బిగించి, రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూస్తాను. వెంట్రుకవాసి కదిలినా ఆ జిగ్ నాకు వద్దు.

ఈ జాయింట్‌లో మూడు కొలతలు ఒక్కటి కావాలి: బ్లేడు కోసే గాడి వెడల్పు, పిన్ను మందం, పిన్నుకూ బ్లేడుకూ మధ్య ఖాళీ. గాడి వెడల్పు బ్లేడు చేతిలో ఉంది. వేలి మందాన్ని తేల్చేది ఆ ఖాళీ. అది పెరిగితే వేళ్లు లావై జాయింట్ బిర్రుగా వస్తుంది, తగ్గితే వదులవుతుంది. పిన్ను సన్నగా ఉంటే తంటా మరోలా ఉంటుంది. పలక ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఆనుతుంది. గాడి గాడికీ ఆ తేడా పోగుపడి, వెడల్పాటి పలకలో చివరికొచ్చేసరికి వేలికి ఎదురుగా గాడి ఉండదు.

అందుకే ఖాళీని ఎలా సరిచేస్తామన్నదే అసలు ప్రశ్న. క్లాంపు వదులు చేసి, చేత్తో తట్టి జరిపే జిగ్‌తో 0.1 మి.మీ. పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పని. స్క్రూతో జరిగేది తీసుకోండి. మామూలు 6 మి.మీ. బోల్టు ఒక చుట్టుకు 1 మి.మీ. కదులుతుంది. అంటే పదో వంతు చుట్టు తిప్పితే కావలసిన 0.1 వచ్చేసినట్టే. ఇన్‌క్రా ఐ-బాక్స్ అనే రెడీమేడ్ జిగ్‌లో పిన్ను మందం కూడా స్క్రూతోనే మారుతుంది. సుమారు 3 నుంచి 19 మి.మీ. వరకు వేళ్లు కోస్తుంది, టేబుల్ రంపం మీదా రూటర్ (తిరిగే బిట్‌తో కోసే యంత్రం) టేబుల్ మీదా పనిచేస్తుంది. రకరకాల సైజులు కోసేవాళ్లకు అది మంచిదే. ఎప్పుడూ ఒకటి రెండు సైజులే కోసేవాళ్లకు అంత హంగామా దేనికి? ప్లైవుడ్ ఫెన్స్ (పలక ఆనే నిలువు చెక్క), గట్టి కర్రతో చేసిన పిన్ను, వెనక ఒక బోల్టు చాలు. నా దగ్గర 6 మి.మీ.కి ఒకటి, 10 మి.మీ.కి ఒకటి అలాంటివే ఉన్నాయి.

స్థిరమైన పిన్నులతో వచ్చే జిగ్ అయితే కొలత పద్ధతి చూసుకోండి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. ఆ పిన్ను 6 మి.మీ. రూటర్ బిట్ కోసిన గాడిలో దిగదు.

టేబుల్ రంపానికైతే బ్లేడు సంగతీ ఉంది. పళ్లు ఒకటి విడిచి ఒకటి ఏటవాలుగా ఉండే బ్లేడు గాడి అడుగున రెండు మూలల్లో చిన్న కొమ్ములు మిగులుస్తుంది. పెట్టె బయటి నుంచి అవి కనిపిస్తాయి. పళ్లు చదునుగా ఉన్నది వాడండి. వెడల్పు గాడికి డాడో సెట్ (పక్కపక్కన పేర్చిన బ్లేడ్లు) కావాలంటే మీ రంపం ఇరుసు దానికి సరిపడా పొడవుందో లేదో ముందే చూడండి.

మైటర్ గేజ్ (పలకను బ్లేడు వైపు నెట్టే సాధనం) పట్టీ టేబుల్ గాడిలో ఊగుతుంటే ఎంత ఖరీదైన జిగ్ అయినా దండగే. రెండు పట్టీల మీద నడిచే స్లెడ్ (పలకను మోసుకెళ్లే జారే చట్రం) అయితే ఆ బెడద తక్కువ. పలక వెనక ఆనే చెక్క మార్చుకునేలా ఉందా? అరిగిన రంధ్రం దగ్గర పెచ్చులు లేస్తాయి కాబట్టి ఇది తప్పనిసరి. బ్లేడు బయటికొచ్చే చోట వెనక దిమ్మ లేని జిగ్‌ను అసలు ముట్టుకోకండి. బొటనవేలు సరిగ్గా అక్కడికే పోతుంది.

తెచ్చాక, పెట్టెకు వాడబోయే కలపలోంచే రెండు తునకలు కోసి కలిపి చూడండి. బొటనవేళ్లతో నొక్కితే సగం దిగాలి, అరచేత్తో ఒక్కటి వేస్తే పూర్తిగా కూర్చోవాలి. సుత్తి అడిగితే, జిగురు తడికి కర్ర ఉబ్బాక ఇక దిగనే దిగదు. ఖాళీ కొంచెం తగ్గించండి. తిరగేసి ఊపితే ఊడిపడుతుంటే పెంచండి. గాడి లోతు పలక మందం కంటే అర మి.మీ. ఎక్కువ ఉంచితే, పైకి వచ్చిన కొనలను తర్వాత ఇసుక కాగితంతో సమం చేసుకోవచ్చు.